సలహాకి చాలు, నిందకి చాలదు

రెండేళ్ల క్రితం సంక్రాంతికి అందరం ఊళ్లో కలిశాం. మా అక్క కొడుక్కి అప్పటికి రెండున్నరేళ్లు. "అమ్మ", "తాత", "వద్దు" అనే మూడు మాటలు తప్ప వాడింకేమీ పలకట్లేదు. ఆ వయసుకి పిల్లలు రెండేసి మాటలు కలిపి చెప్పాలని అక్కకి తెలుసు. తెలియకపోయినా చెప్పేవాళ్లకి కొదవలేదు. భోజనాల దగ్గర మొదలైంది. ఒకాయన "మావాడు మూడేళ్లు దాటాకే మాట్లాడాడు, ఏం కాదులే" అన్నాడు. ఇంకొకావిడ "మగపిల్లలకి మాట ఆలస్యమే" అంది. మూడో ఆవిడ పిల్లాడి చేతిలో ఉన్న ఫోన్ వైపు చూసి, "అది చేతిలో పెడితే మాటలెక్కణ్ణుంచి వస్తాయమ్మా" అంది.

అక్కడ నేను నోరు మూసుకుని అరిసెలు తింటే సరిపోయేది. మూసుకోలేదు. "అవునక్కా, దాని మీద రీసెర్చ్ కూడా ఉంది. స్క్రీన్ టైముకీ, మాట ఆలస్యానికీ కోరిలేషన్ ఉందట" అన్నాను.

మిగతావాళ్లవి ఊసుపోక మాటలు. నాది అలా కాదు. ఇంజినీరింగ్ చదివిన తమ్ముడు, అందులోనూ రోజంతా డేటాతో పని చేసేవాడు అన్న మాట. దాని బరువు వేరు. అక్క వాడి చేతిలోంచి ఫోన్ లాక్కుంది. వాడు ఏడుపు అందుకున్నాడు. వాణ్ణి ఎత్తుకుని పెరట్లోకి వెళ్తూ వెళ్తూ, నా వైపు చూసి ఒక్కటే అడిగింది: "ఆ లెక్కలో మావాడు ఉన్నాడట్రా?"

ఉన్నాడా? నాకు జవాబు తెలీలేదు. ఆ రోజు అది కోపంలో అన్న మాట అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, స్టాటిస్టిక్స్ క్లాసులో ఎవరూ అడగని ప్రశ్న అది అనిపించింది. వేలమంది మీద తీసిన ఒక అంకెకీ, ఆ అంకె విని పెరట్లోకి వెళ్లిపోయిన ఒక మనిషికీ మధ్య ఏం సంబంధం?

*

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను "రీసెర్చ్ ఉంది" అన్నప్పుడు ఏ రీసెర్చూ చదవలేదు. ఎక్కడో ఒక హెడ్‌లైన్ చూశాను, అంతే. ఊరినుంచి వచ్చాక, సిగ్గుతోనే, వెతికి చదివాను.

రీసెర్చ్ నిజంగానే ఉంది. 2020లో జామా పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో షెరీ మాడిగన్, ఆమె సహచరులు 42 అధ్యయనాలని కలిపి లెక్కకట్టారు. మొత్తం 18 వేలకి పైగా పిల్లలు. పిల్లలు ఎన్ని గంటలు స్క్రీన్ చూస్తారన్నదానికీ, వాళ్ల భాషా సామర్థ్యానికీ మధ్య కోరిలేషన్ మైనస్ 0.14 అని తేలింది. అదే అధ్యయనంలో ఇంకో అంకె కూడా ఉంది. పెద్దవాళ్లు పక్కన కూర్చుని పిల్లలతో కలిసి చూస్తే, భాషతో సంబంధం ప్లస్ 0.16. మొదటి అంకె హెడ్‌లైన్లలోకి వచ్చినంత తేలిగ్గా రెండోది భోజనాల దగ్గరికి రాదు.

ఈ 0.14 అంటే ఏమిటి? పాఠ్యపుస్తకాల్లో కోరిలేషన్‌ని సహసంబంధం అంటారు. మైనస్ 1 నుంచి ప్లస్ 1 వరకూ ఉండే ఒక కొలత. రెండు విషయాలు ఒకే గీత మీద కచ్చితంగా కలిసి నడిస్తే 1. ఒకటి పెరుగుతుంటే రెండోది అంతే కచ్చితంగా తగ్గుతుంటే మైనస్ 1. అలాంటి నడక ఏమీ కనిపించకపోతే సున్నా. 0.14ని అదే అంకెతో గుణిస్తే 0.0196 వస్తుంది. అంటే పిల్లల భాషలో కనిపించే హెచ్చుతగ్గుల్లో సుమారు 2 శాతం స్క్రీన్ గంటలతో ముడిపడి ఉంది. మిగతా 98 శాతం వేరే ఎక్కడో ఉంది.

ఇది కూడా పొడిగా అనిపిస్తే ఇంకోలా చెప్తాను. ఆ గుంపులోంచి ఇద్దరు పిల్లల్ని కళ్లు మూసుకుని ఎంచుకోండి. వాళ్లలో ఎక్కువ స్క్రీన్ చూసే పిల్లకే భాష తక్కువ ఉంటుందని పందెం కాయండి. అసలు ఏ సంబంధమూ లేకపోతే నూటికి 50 సార్లు గెలుస్తారు. సంబంధం 0.14 అయితే, డేటా మామూలు గంట ఆకారంలోనే ఉందనుకుంటే, 54 లేదా 55 సార్లు గెలుస్తారు. బొమ్మాబొరుసు కంటే కాస్త నయం.

మనకి బాగా గట్టివని అనిపించే సంబంధాలు కూడా ఈ పందెంలో పెద్దగా నిలబడవు. తండ్రి పొడుగైతే కొడుకు పొడుగు అన్నది ఎవరూ అనుమానించని విషయం. 1903లో కార్ల్ పియర్సన్, ఆలిస్ లీ వెయ్యికి పైగా తండ్రీకొడుకుల జంటల్ని కొలిచి చూస్తే వచ్చిన సహసంబంధం సుమారు 0.5. పందెంలోకి మారిస్తే మూడుకి రెండుసార్లు గెలుపు. మూడోసారి పొట్టి తండ్రి కొడుకే పొడుగు. ఎత్తు సంగతే అలా ఉంటే, మా అక్క విషయంలో నేను 54 చేతిలో పెట్టుకుని నూటికి నూరూ ఉన్నవాడిలా మాట్లాడాను.

*

అంకె సంగతి అలా ఉంచుదాం. దిక్కు సంగతి చూద్దాం.

ఎక్కువ స్క్రీన్, తక్కువ మాట అనగానే మన బుర్ర వెంటనే ఒక బాణం గీస్తుంది. ఫోన్ నుంచి మాట వైపు. కానీ మాట్లాడని పిల్లాడితో ఇంట్లో ఒక రోజు గడిపి చూడండి. మీరు పది మాటలంటే వాడు ఒక్కటీ తిరిగి అనడు. ఏం కావాలో చెప్పలేక కింద పడి దొర్లుతాడు. సాయంత్రానికి మీ దగ్గర మాటలు అయిపోతాయి. అప్పుడు ఫోన్ ఇస్తారు. బాణం రెండో వైపు నుంచి కూడా వచ్చి ఉండొచ్చు. మాట రాకపోవడం వల్లే స్క్రీన్ పెరిగి ఉండొచ్చు.

సైకాలజీలో ఈ మాటని గట్టిగా అన్నది రిచర్డ్ బెల్ అనే పరిశోధకుడు, 1968లో. అప్పటిదాకా పిల్లల పెంపకం మీద వచ్చిన అధ్యయనాల్లో చాలావాటిని తల్లిదండ్రుల నుంచి పిల్లల వైపు వెళ్లే బాణంతోనే చదివేవారు. కఠినంగా ఉండే తల్లిదండ్రులకి మొండి పిల్లలు అని తేలితే, కాఠిన్యం వల్ల మొండితనం వచ్చిందని రాసేవారు. మొండి పిల్లల్ని పెంచుతూ పెంచుతూ తల్లిదండ్రులు కఠినంగా తయారై ఉండొచ్చు కదా, అదే డేటాని అలా కూడా చదవొచ్చు కదా అని బెల్ అడిగాడు. ఇప్పుడు వింటే ఇంతేనా అనిపిస్తుంది. అయినా ఆ మాట అనడానికి 1968 దాకా పట్టింది.

మూడో దారి, రెంటికీ వెనక వేరే కారణం ఉండటం. దీనికి మన తర్కశాస్త్రంలో మంచి పేరుంది. నైయాయికులు రెండు విషయాలు కలిసి కనిపించడాన్ని సహచారం అన్నారు. సహచారం కనిపించినంత మాత్రాన వ్యాప్తి, అంటే విడదీయరాని సంబంధం, ఉన్నట్టు కాదన్నారు. తెలుగువాడిగా చెప్పుకునే అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంలో దీని ఉదాహరణ ఉంది. కొండ మీద నిప్పుంది కాబట్టి పొగ కూడా ఉంటుంది అనడం తప్పు. ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకి తడికట్టెలు తగలాలి. ఇలా చాటుగా ఉండి పని చేసే షరతుని వాళ్లు "ఉపాధి" అన్నారు. మా ఆఫీసు భాషలో కన్‌ఫౌండర్ అనే దానికి ఇది దగ్గరి చుట్టం.

మనకిప్పుడు ఉపాధి అంటే ఉద్యోగం. మా అక్క విషయంలో రెండర్థాలూ కుదిరాయి. అక్కా బావా ఇద్దరూ ఉద్యోగస్తులు. బావ ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది. అక్కకి ఇంటినుంచే పని, సాయంత్రం మీటింగులు. ఫ్లాట్‌లో పిల్లాడి వయసు పిల్లలు లేరు. తాతానాయనమ్మలు ఊళ్లో ఉన్నారు. ఫోన్ వాడకం పెరగడానికీ, పిల్లాడి చెవిన మనుషుల మాటలు తక్కువ పడటానికీ ఈ ఏర్పాటే కారణమై ఉండొచ్చు. లేదా వీటిలో ఏదీ కాకపోవచ్చు. కొంతమంది పిల్లలకి మాట ఆలస్యంగా వస్తుంది, అంతే.

తర్కశాస్త్రంలో ఉపాధికి ఇంకో పాత ఉదాహరణ ఉంది. మిత్ర అనే ఆవిడ కొడుకులందరూ నల్లగా ఉన్నారు కాబట్టి పుట్టబోయేవాడూ నల్లగానే ఉంటాడని ఒకడు అంటాడు. అలా చెప్పలేం, నలుపుకి కారణం మిత్ర కొడుకు కావడం కాదు, ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు ఆకుకూరలు తినడం అని జవాబు. చదివి నవ్వుకున్నాను. వాదంలో తప్పుని ఎంతో నేర్పుగా పట్టుకున్నవాళ్లు కూడా చివరికి కారణాన్ని తీసుకెళ్లి తల్లి కంచంలోనే పెట్టారు.

*

మా ఆఫీసులో ఇంత తర్కం అక్కర్లేదు. ఒక బటన్ రంగు మార్చితే జనం ఎక్కువ నొక్కుతారా లేదా తెలియాలంటే, యూజర్లని లాటరీ వేసినట్టు రెండు సగాలు చేసి, ఒక సగానికి పాత రంగు, ఇంకో సగానికి కొత్త రంగు చూపిస్తాం. లాటరీకి ఎవరి ఉద్యోగమూ, ఎవరి జీతమూ తెలీదు. కాబట్టి చాటున ఉన్న ఉపాధులన్నీ రెండు వైపులా దాదాపు సమంగా పంచుకుపోతాయి. తేడా మిగిలితే అది రంగు వల్లే అనొచ్చు.

పిల్లల్తో ఇది కుదరదు. ఐదువందలమంది పసివాళ్లకి రోజుకి నాలుగు గంటలు ఫోన్ ఇచ్చి, ఇంకో ఐదువందలమందికి అసలివ్వకుండా మూడేళ్లు ఆగి చూస్తామంటే ఏ తల్లీ ఒప్పుకోదు, ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. ఒప్పుకోకూడదు కూడా. అందుకే సైకాలజీ తన ముఖ్యమైన ప్రశ్నలు చాలావాటిలో కోరిలేషన్ల మీదే బతకాలి. దాన్ని ఎగతాళి చేయడం తేలిక. మనుషుల మీద ప్రయోగాలు చేయకుండా ఆగిన చోట మిగిలే జ్ఞానం అలాగే ఉంటుంది. చిక్కు ఆ జ్ఞానంలో లేదు, దాన్ని పట్టుకుని మనం చేసే పనిలో ఉంది. అదెంత దూరం పోగలదో చెప్పే కథ ఒకటి సైకాలజీ చరిత్రలోనే ఉంది.

1943లో లియో కానర్ అనే మనోవైద్యుడు, అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో తాను చూసిన 11 మంది పిల్లల గురించి ఒక పేపర్ రాశాడు. ఆటిజం అనే స్థితిని విడిగా గుర్తించి వర్ణించిన తొలి పేపర్లలో అది ముఖ్యమైంది. ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఎక్కువమంది బాగా చదువుకున్నవాళ్లనీ, వాళ్లలో ఆప్యాయంగా కనిపించినవాళ్లు తక్కువనీ కూడా అందులో రాశాడు. ఈ లోపం పుట్టుకతోనే ఉందని అదే పేపర్ చివర అన్నాడు. కానీ 1949లో రాసిన పేపర్లో, ఈ పిల్లలు మంచు కరగని ఫ్రిజ్‌లో ఉంచినట్టు పెరిగారన్న పోలిక వాడాడు. ఆ పోలిక అతని చేయి దాటిపోయింది. "రిఫ్రిజిరేటర్ మదర్" అన్న మాట పుట్టింది. షికాగోలో పిల్లల ఆశ్రమ పాఠశాల నడిపిన బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో "ది ఎంప్టీ ఫోర్ట్రెస్" అనే పుస్తకంలో దాన్ని సిద్ధాంతం చేశాడు. బిడ్డ ఉండకూడదన్న తల్లిదండ్రుల లోపలి కోరికే ఆటిజానికి పురికొల్పుతుందన్నాడు. తను స్వయంగా నాజీ నిర్బంధ శిబిరాల్లో ఖైదీగా ఉండి వచ్చినవాడు. ఈ పిల్లల పరిస్థితిని ఆ శిబిరాల్లో ఖైదీల పరిస్థితితో పోల్చాడు. అలా పోలిస్తే తల్లి ఎవరి స్థానంలో నిలబడుతుందో విడిగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు వెనక్కి వెళ్లి మొదటి గమనికని చూద్దాం. చదువుకున్న తల్లిదండ్రులు, ఆటిజం ఉన్న పిల్లలు. కానర్ దగ్గరికి ఎవరు రాగలిగారు? మొదటి పిల్లాడు మిసిసిప్పీ నుంచి బాల్టిమోర్ దాకా వచ్చాడు. తండ్రి లాయరు. రాకముందే కొడుకు గురించి 33 పేజీల ఉత్తరం టైపు చేయించి పంపాడు. అలా పంపగలిగినవాళ్లు, అంత దూరం రాగలిగినవాళ్లు ఆ గదిలోకి వచ్చారు. రాలేనివాళ్ల పిల్లలు ఎవరి లెక్కలోకీ రాలేదు. చదువుకీ ఆటిజానికీ కనిపించిన ఆ సంబంధంలో కొంతైనా గది తలుపు దగ్గరే తయారై ఉండాలి.

తల్లిదండ్రుల చల్లదనం సంగతి? కళ్లలోకి చూడని, ఎత్తుకుంటే అతుక్కోని బిడ్డని ఏళ్లపాటు పెంచిన మనిషి డాక్టరు ముందు ఎలా కూర్చుంటుంది? బెల్ చెప్పిన బాణమే ఇది, అటునుంచి ఇటు.

ఆటిజం ఉన్న కొడుకుకి తండ్రి, అమెరికా నావికాదళంలో పనిచేసే సైకాలజిస్టు బెర్నార్డ్ రిమ్లాండ్, 1964లోనే తల్లిదండ్రుల మీద మోపిన ఈ నేరాన్ని ఒక పుస్తకమంతా ఖండించాడు. 1977లో సూజన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ కవలల మీద చేసిన అధ్యయనం వచ్చింది. ఒకే అండం నుంచి పుట్టిన 11 జంటల్లో 4 జంటల్లో ఇద్దరికీ ఆటిజం ఉంది. వేర్వేరు అండాల నుంచి పుట్టిన 10 జంటల్లో అలాంటిది ఒక్కటీ లేదు. చిన్న అధ్యయనమే. కానీ రెండు రకాల కవలలూ పెరిగింది తమ తమ తల్లి దగ్గరే. తేడా తల్లి ప్రేమలో లేదు. అంతకుముందే, 1969లో, కానర్ ఆటిజం పిల్లల తల్లిదండ్రుల సభలో నిలబడి, తల్లిదండ్రులుగా మిమ్మల్ని నిర్దోషులుగా ప్రకటిస్తున్నానన్నాడు.

విడుదల మంచిదే. ఈలోగా ఇరవై ఏళ్లు గడిచాయి. ఆ ఇరవై ఏళ్లలో ఎందరో ఆడవాళ్లు రాత్రిళ్లు కూర్చుని, బిడ్డ కడుపులో ఉన్నప్పుడు తమ మనసులో ఏ క్షణాన ఏ అయిష్టం కదిలిందోనని తమని తాము విచారించుకుని ఉంటారు.

*

ఈ కథ చదివాక నాకు ఒక విషయం తట్టింది. కోరిలేషన్ అధ్యయనాల్లో దొరికిపోయేది కొలతకి అందినవాళ్లే.

క్లినిక్‌కి బిడ్డని తీసుకొచ్చేది ఎక్కువగా తల్లి. ప్రశ్నాపత్రం నింపేది తల్లి. బిడ్డ రోజుకి ఎన్ని గంటలు స్క్రీన్ చూస్తాడో, ఎన్నింటికి నిద్రపోతాడో, ఎన్ని మాటలు అంటాడో ఆమెనే అడుగుతారు. కాబట్టి డేటాలో ఆమె ఉంటుంది. తండ్రి ఆఫీసు వేళలు, డేకేర్ ఫీజులు, అపార్ట్‌మెంట్‌లో ఆడుకునే చోటు లేకపోవడం ఆ పట్టికలో కాలమ్‌గా ఉండకపోవచ్చు. కాలమ్ లేనిదానికి కోరిలేషన్ రాదు. కోరిలేషన్ రానిదాన్ని సంక్రాంతి భోజనాల దగ్గర ఎవరూ తిట్టరు. ఆ రోజు మా బావ కూడా పక్కనే కూర్చుని పులిహోర తింటున్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. నాకు తెలిసిన రీసెర్చ్‌లో ఆయన లేడు.

ఎవరో పరిశోధకుడు తల్లుల మీద కక్షతో ఇలా చేశాడని అనను. ఏది సులువుగా కొలవొచ్చో అదే కొలుస్తాం. కొలిచినదాంట్లోంచే కారణాన్ని ఎంచుకుంటాం. ఎంచుకున్న కారణానికి ఒక మొహం ఉంటే ఆ మొహం మీదే తప్పు మోపుతాం. ఈ మూడు మెట్లలో మొదటిది సైన్స్ పరిమితి. మూడోది మాత్రం మన నీతికి సంబంధించింది.

ఆఫీసులోనూ నేను ఈ తప్పు చేస్తుంటాను. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే, కాసేపటి ముందు ఎవరు కోడ్ మార్చారో చూసి అది వెనక్కి తీస్తాను. కొన్నిసార్లు కారణం అది కాదని తెల్లారాక తేలుతుంది. ఏం పర్లేదు, మళ్లీ పెడతాను. కోడ్ నొచ్చుకోదు. మనిషి మీద వేసిన మాటని అలా వెనక్కి తీయడానికి బటన్ లేదు.

*

ఇక్కడ ఆపేస్తే ఈ వ్యాసం మనకి హాయిగా ఉంటుంది. "కోరిలేషన్ అంటే కారణం కాదు" అనే నినాదం ఒకటి ఉంది కదా, అది అనేసి, పిల్లలకి ఫోన్లిచ్చి పడుకోవచ్చు. కానీ ఆ నినాదానికీ ఒక చీకటి చరిత్ర ఉంది.

1950లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ లండన్ ఆసుపత్రుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్ని పరిశీలించారు. 649 మంది మగ రోగుల్లో పొగ తాగనివాళ్లు ఇద్దరే. అంతేమంది ఇతర రోగుల్లో పొగ తాగనివాళ్లు 27 మంది. ఆ సంబంధాన్ని చూసి ఇది కారణమని నిరూపించదు అని గట్టిగా వాదించినవాడు రోనాల్డ్ ఫిషర్. ఇవాళ నేను ఆఫీసులో వేసే లాటరీ ప్రయోగాలకి పునాది వేసిన గొప్ప స్టాటిస్టీషియన్ ఆయనే. పొగతాగే అలవాటునీ, క్యాన్సర్‌నీ రెంటినీ తెచ్చే జన్యువేదో ఉండొచ్చు అన్నాడు. ముదరబోయే క్యాన్సర్ తొలిదశలో కలిగే మంటే మనిషిని పొగ వైపు తోస్తుండొచ్చు అని కూడా అన్నాడు. మూడో కారణం, తిరగేసిన బాణం. ఇప్పటిదాకా నేను మా అక్క తరఫున వాడిన రెండు వాదాలూ అవే. ఆయన పైపు తాగేవాడు, పొగాకు తయారీదారుల కమిటీకి సలహాదారు కూడా. వాదం రూపం సరైనదే, నిజం మాత్రం అటు లేదు.

స్క్రీన్ విషయంలోనూ నాకు అనుకూలంగా లేని సాక్ష్యం ఒకటుంది. అదే మాడిగన్ బృందం 2019లో కెనడాలోని కాల్గరీలో 2,441 మంది తల్లీబిడ్డల్ని రెండేళ్లు, మూడేళ్లు, ఐదేళ్ల వయసుల్లో వరుసగా కొలిచింది. ముందు స్క్రీన్ ఎక్కువైతే తర్వాత ఎదుగుదల పరీక్షల్లో స్కోరు తగ్గడం కనిపించింది. ముందు స్కోరు తక్కువైతే తర్వాత స్క్రీన్ పెరగడం కనిపించలేదు. అంటే బెల్ బాణం అక్కడ పని చేయలేదు. ఇది కూడా ప్రయోగం కాదు, ప్రభావం కూడా చిన్నదే. అయినా నాకు నచ్చనంత మాత్రాన దీన్ని దాచడం న్యాయం కాదు.

మరి ఏం చేయాలి? నాకు తోచింది ఇది. ఒక ఆధారం సరిపోతుందా లేదా అన్నది ఆధారంలోనే లేదు. దానితో ఏం చేయబోతున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. పిల్లల డాక్టరు తన దగ్గరికొచ్చే ప్రతి ఇంటికీ "ఫోన్ కాస్త తగ్గించండి, చూసేటప్పుడు పక్కన కూర్చుని మాట్లాడండి" అని చెప్పడానికి మైనస్ 0.14 చాలు. తగ్గిస్తే పోయేది పెద్దగా లేదు. లక్షల పిల్లల మీద కలిపి చూస్తే చిన్న లాభం కూడా పెద్దదే. రేపు ఆ బాణం అబద్ధమని తేలినా ఎవరి బతుకూ పాడవదు. సిగరెట్ మానమని చెప్పడానికి డాల్, హిల్ అంకెలు చాలినట్టే.

కానీ "నీ బిడ్డకి మాట రాకపోవడానికి కారణం నువ్వే" అనడానికి ఆ అంకె చాలదు. బాణం దిక్కు నూటికి నూరుపాళ్లు నిజమైనా చాలదు. సలహా రేపటి గురించి, అందరికీ చెప్పేది. సగటు దానికి సరిపోతుంది. నింద నిన్నటి గురించి, ఒక్క మనిషికి సంబంధించింది. ఈ ఇంట్లో, ఈ బిడ్డకి, ఏం జరిగిందో దానికి తెలియాలి. సగటులో ఆ ఇల్లు కనపడదు.

వినేవాళ్లకి ఈ తేడా తెలీదని కాదు. చెప్పేవాళ్లం కలిపేస్తాం. సలహా గొంతుతో మొదలుపెట్టి నిందని చేరవేస్తాం. నేను అక్కతో అన్న వాక్యంలో "నువ్వు" అన్న మాటే లేదు. స్క్రీన్ టైము ఉంది, మాట ఆలస్యం ఉంది, మధ్యలో కోరిలేషన్ ఉంది. వ్యాకరణం ప్రకారం నేను ఎవరినీ ఏమీ అనలేదు. అందరి ముందూ అక్క ఫోన్ లాక్కోవడం చూశాక కూడా అలా అనుకుంటే అది అబద్ధమే.

*

ఉగాదికి అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు ఇదంతా చెప్పాలనుకున్నాను. 0.14, పందెం, బెల్, కానర్ అన్నీ వరుసగా పెట్టుకుని వెళ్లాను. మొదలుపెట్టి రెండు నిమిషాలయ్యాక అక్క ఆపింది.

"ఇప్పుడేమంటావు? తప్పు నాది కాదంటావా?"

"తెలీదక్కా. నీది అనే హక్కు నాకు లేదంటున్నా."

"అది చెప్పడానికి ఇంత చదవాలా?" అని నవ్వి, టీ పెట్టడానికి లేచింది. వంటింట్లోంచి "కానర్ ఎవడో, ఇరవై ఏళ్లకి గానీ చెప్పలేదా ఆ ముక్క? నువ్వు నయం, మూడు నెలలకే వచ్చావు" అంది.

డాక్టర్లు వినికిడి పరీక్ష చేశారు, బాగానే ఉంది. ఆటిజం కాదన్నారు. స్పీచ్ థెరపీకి పంపారు. అక్క ఫోన్ తగ్గించింది. బావ వారానికి మూడురోజులు త్వరగా రావడం మొదలుపెట్టాడు. నాయనమ్మ వచ్చి ఆరు నెలలు ఉంది. ఇన్నీ ఒకేసారి జరిగాయి కాబట్టి దేనివల్ల ఏమైందో చెప్పడానికి ఏ లాటరీ లేదు. వాడికిప్పుడు నాలుగున్నరేళ్లు. ఆగకుండా మాట్లాడతాడు. మొన్న వీడియో కాల్‌లో నన్ను గుచ్చి గుచ్చి అడిగాడు, "మామా, నువ్వెప్పుడూ ఫోన్‌లోనే ఎందుకుంటావు?" అని.

వెనకనుంచి అక్క నవ్వు వినిపించింది. నేను దేన్నీ కారణంగా చూపించలేదు.